చీలిలంక ఏడు వంతెనలు

మా ఊరి పేరు చీలిలంక. తొంభై ఆరులో శ్రీలంక ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, రావులపాలెంలో అరటిగెలలు దింపుతున్న మావాళ్ళని ఆపి మరీ "మీవాళ్ళు భలే ఆడారండోయ్" అని మెచ్చుకున్నవాళ్ళున్నారు. మావాళ్ళు కూడా "ఏదో మీ అభిమానం అండి, ఆయ్" అని ఒప్పేసుకున్నారు. ఊరికే వచ్చే పేరు కాదనడం దేనికి?

శ్రీలంకకి చుట్టూనే నీళ్ళు. చీలిలంకకి చుట్టూ, మధ్యలో, అడ్డంగా, నిలువుగా కూడా నీళ్ళే. గోదావరి పాయ మా ఊరి దగ్గరకొచ్చేసరికి ఎటు పోవాలో తేల్చుకోలేక చీలి, ఊరిని నాలుగు ముక్కలు చేసింది. నడిమధ్యన గుడిలంక, అందులో ముత్యాలమ్మ తల్లి గుడి. ఉత్తరాన పైపేట, అక్కడ వరి రైతులు. దక్షిణాన సంతపేట, అక్కడ కొట్లూ కోమట్లూ, నా మైకుసెట్టు షాపూ. తూర్పున జాలరిపేట. గుడిలంక నుంచి పైపేటకి రెండు వంతెనలు, సంతపేటకి రెండు. జాలరిపేటకి సున్నా. చేపలు పట్టేవాళ్ళకి పడవలున్నాయి కదా, ఇంక వంతెన దేనికని పెద్దల ఉద్దేశం. వాళ్ళ చేపలకి మాత్రం రోజూ వీళ్ళ వంటింటిదాకా వంతెన ఉండేది.

ముత్యాలమ్మ జాతర ఫాల్గుణంలో వస్తుంది. ఆ రోజు అమ్మవారు పల్లకీలో బయల్దేరి ఊళ్ళో ప్రతి వంతెనా దాటాలి. దాటిన వంతెన మళ్ళీ దాటకూడదు. ఏ ఒక్కటి వదిలేసినా ఆ వంతెన అలిగి, వచ్చే వరదకి కూలిపోతుంది. చివరికి అమ్మవారు తిరిగి గుడికి చేరాలి. ఇదీ ఆచారం. నాలుగు వంతెనలున్నన్నాళ్ళూ ఇబ్బందే లేదు. పైపేటకి ఒక వంతెన మీద వెళ్ళి రెండోదాని మీద రావడం, సంతపేటకీ అంతే. మా బ్యాండుమేళం ముసలయ్య క్లారినెట్టు నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ముందు నడిచేవాడు. కళ్ళు తెరవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

తుఫాను వచ్చి అంతా తుడిచిపెట్టేశాక లోవలక్ష్మి పంచాయతీ ప్రెసిడెంటయింది. జాలరిపేట ఆడపడుచు, జాలరిపేట కోడలు. పేరు లోవలక్ష్మే గానీ లోపల కూర్చునే లక్ష్మి కాదు. భర్తని ఇంట్లో వలలు బాగుచేసుకోమని, తనే ఫైలు చంకలో పెట్టుకుని కాకినాడ ఆఫీసులన్నీ తిరిగింది. తుఫాను నిధుల్లోంచి ఒక వంతెన అడిగితే ఇవ్వరని మూడు అడిగింది. బేరంలో ఒకటి మిగులుతుందని ఆవిడ లెక్క. ఆఫీసులో ఎవరు ఏ కాయితం మీద సంతకం పెట్టారో గానీ, మూడూ ఇచ్చేశారు! జాలరిపేట నుంచి గుడిలంకకి ఒకటి, పైపేటకి ఒకటి, సంతపేటకి ఒకటి. మూడో ఏటికి సిమెంటు ఆరి, రెయిలింగులకి రంగు కూడా పడింది.

"ఈ ఏడు అమ్మ మన గుమ్మంలోకొస్తది," అని లోవలక్ష్మి పేటలో ఇంటింటికీ చెప్పింది. ముఖ్యంగా తన అత్తగారు రత్తమ్మకి. రత్తమ్మకి నడుం పడిపోయి మంచం దిగదు. ఏటా జాతరనాడు కొడుకులు మంచం తెచ్చి గట్టున వేస్తే, ఇవతల నుంచే అవతలికి హారతి చూపించేది. "నేను చచ్చేలోగా అమ్మ ఒక్కసారి నా ముందుకి వస్తే నాలుగు మాటలు అడగాలి," అనేది ఆవిడ. ఏం అడుగుతావంటే, "అది మా ఇద్దరి మధ్య మాట," అనేది.

జాతర కమిటీ కూర్చుంది. కమిటీ అంటే మా ఊళ్ళో 'కమ్, టీ' అని అర్థం. వస్తాం, టీ తాగుతాం, వెళ్తాం. ఆ రోజు మాత్రం టీ చల్లారిపోయింది. ఏడు వంతెనలకీ దారి దొరకలేదు.

కమిటీ పెద్ద పల్లంరాజుగారు పైపేట ఆసామి. పేరుకి పల్లంరాజే గానీ మాటెప్పుడూ మెరక మీదే ఉంటుంది. ఆయన సైకిలేసుకుని స్వయంగా తిరిగొచ్చారు. ఎలా తిరిగినా ఒక వంతెన మిగిలిపోతోంది, లేకపోతే తను ఏదో ఒక పేటలో ఇరుక్కుపోతున్నారు. నేను నేల మీద నాలుగు ఇటుకలు పెట్టి మైకు వైరు తిప్పి చూశాను. వైరు చిక్కుపడింది గానీ దారి చిక్కలేదు.

"చూశారుగా," అన్నారు రాజుగారు కండువా దులుపుతూ. "ఆ మూడు వంతెనలకీ ఇంకా మంత్రిగారు రిబ్బను కట్ చెయ్యలేదు. ప్రారంభోత్సవం కాని వంతెన అమ్మవారి లెక్కలోకి రాదు. సరుగుడు కర్రలు అడ్డం కట్టేసి, ఎప్పట్లాగే నాలుగూ తిప్పేద్దాం."

కమిటీ మొత్తం వంతెన విషయంలో రాజుగారికి వంత పాడింది.

"రాజుగారూ, మరి ఆ కొత్త వంతెన మీంచే మొన్న మీ ధాన్యం ట్రాక్టరు దాటిందండి," అంది లోవలక్ష్మి. "దానికి రిబ్బను కట్ చేసిందెవరండి?"

"ధాన్యం వేరమ్మా, దైవం వేరు."

"మా పేటకి వచ్చేసరికే అన్నీ వేరవుతాయండి. మా అత్తగారికి మాటిచ్చానండి నేను. అమ్మ రావట్లేదని నేనెళ్ళి చెప్పను. మీరొచ్చి ఆ మంచం పక్కన కూర్చుని చెప్పండి."

రత్తమ్మ నోటికి రాజుగారేం ఖర్మ, గోదావరే పక్కకి జరుగుతుంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సరే. శనివారం సాయంత్రం దాకా టైమిస్తున్నాను. దారి చూపిస్తే తిప్పుదాం. లేదంటే కర్రలు కట్టడమే."

శనివారం అన్నది ఆయన నోరు జారి అన్న మాట. మా ఊరి ఉదయభాస్కర్ రాజమండ్రి నుంచి బస్సు దిగేది శనివారమే. అక్కడ కాలేజీలో లెక్కలు చెప్తాడు. పిల్లలు ఆయన్ని లెక్కచెయ్యరుట, అది వేరే లెక్క. లోవలక్ష్మి బస్టాండులోనే ఆయన్ని పట్టుకుని, బ్యాగుతో సహా గుడి మండపంలోకి తెచ్చి కూర్చోబెట్టింది.

భాస్కర్ అంతా విన్నాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఏంటండీ మాస్టారూ, మా బాధ మీకు బఫూన్ వేషంలా ఉందా?" అంది లోవలక్ష్మి.

"అది కాదక్కా. మన గవర్నమెంటు తెలియకుండా కోనిగ్స్‌బర్గ్ కట్టేసింది!"

"అదెక్కడుంది? కోనసీమలోనా?" అన్నారు రాజుగారు.

"కాదండి, ప్రష్యాలో. ఇప్పుడది రష్యాలో ఉంది."

"ఓహో, 'ప్ర' ఊడిపోయిందన్నమాట," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. సమయం అలాంటిది.

భాస్కర్ సుద్దముక్క తీసుకుని నేల మీద నాలుగు చుక్కలు పెట్టాడు. మధ్యలో గుడిలంక, పైన పైపేట, కింద సంతపేట, పక్కన జాలరిపేట. వంతెనకో గీత చొప్పున ఏడు గీతలు గీశాడు. అలా మాకు చుక్కలు చూపించి, మమ్మల్ని ముగ్గులోకి దింపాడు.

"అచ్చం ఇలాగే అక్కడా నది మధ్యలో లంక, ఏడు వంతెనలు. ఆదివారం షికారుకెళ్ళినవాళ్ళంతా ఏడూ ఒక్కోసారి దాటాలని చూసేవారట. ఎవడివల్లా కాలేదు. పదిహేడొందల ముప్ఫైల్లో పక్క ఊరి మేయరు ఒకాయన ఆయిలర్‌కి ఉత్తరం రాశాడు."

"ఆయిలరా? డీజిలింజనుకి పోస్తారే, అదా?"

"ఇంజనుకి కాదండి రాజుగారూ, బుర్రకి. ఆ కాలంలో ఆయన్ని మించిన లెక్కలవాడు లేడు. ఆయనేమని జవాబు రాశాడో తెలుసా? 'దీనికీ లెక్కలకీ సంబంధమేంటండీ? దీనికి లెక్కలవాడే ఎందుకు, కాస్త ఆలోచన ఉన్న ఎవరైనా చాలు కదా,' అన్నాడు. అని ఊరుకోలేకపోయాడు. కూర్చుని తేల్చేశాడు. అందులోంచే గ్రాఫ్ థియరీ పుట్టింది."

"గ్రాఫంటే మండలాఫీసు గోడ మీద ధాన్యం దిగుబడి గీత కదా?" అన్నారు రాజుగారు. "అది పైకి లేచినప్పుడల్లా రేటు కింద పడుతుంది. నాకా గ్రాఫంటేనే పడదు."

"ఆ గ్రాఫు వేరండి. ఇది చుక్కలూ గీతలే. పేట ఎంత పెద్దది, వంతెన ఎంత పొడుగు, అవేవీ అక్కర్లేదు. ఏ చుక్క నుంచి ఏ చుక్కకి గీత ఉందన్నదే చాలు. ఆయిలర్ ఈ బొమ్మ గీయలేదు గానీ చెప్పింది ఇదే. తరవాతివాళ్ళు చుక్కలు పెట్టారు."

"దారి చెప్పవయ్యా బాబూ, దారి!" అన్నాను.

భాస్కర్ జాలరిపేట చుక్క మీద వేలు పెట్టాడు.

"అమ్మవారు ఈ పేటలోకి ఒక వంతెన మీద వస్తారు. ఇంకో వంతెన మీద వెళ్తారు. రావడానికొకటి, పోవడానికొకటి. వంతెనలు జోడెడ్లలాగా జతలుగానే ఖర్చవుతాయి. ఇక్కడున్నవి మూడు. ఒక జత పోగా ఒకటి మిగిలింది. దాని మీద వస్తే పోవడానికి లేదు, రాకపోతే అది అలుగుతుంది. పైపేటకీ మూడే. సంతపేటకీ మూడే. గుడిలంకకి అయిదు. నాలుగూ బేసే!"

"బేషుగ్గా ఉంది," అన్నాను.

"బయల్దేరిన చోటికే తిరిగి రావాలంటే ప్రతి చుక్క దగ్గరా సరిసంఖ్య ఉండాలి. సరైతేనే సరి. కాబట్టి ఇది ఎవరివల్లా కాదు. ఆయిలర్ తేల్చింది కూడా అదే. దారి లేదని."

మమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చిన మనిషి, ఇంత చదువుకున్న మనిషి, దారి లేదని రుజువు చేశాడు. రాజుగారు ముఖంలో సంతోషం కనపడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

"మాస్టారే చెప్పాక ఇంకేముంది! పోనీ, ఆ ఊళ్ళోవాళ్ళు చివరికేం చేశారంట?"

"చేసిందేం లేదండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి రెండు వంతెనలు కూలిపోయాయి. ఆ తరవాత మిగిలినవన్నీ ఒక్కోసారి దాటడానికి దారి కుదిరింది. అయినా బయల్దేరిన చోటికి చేరడం మాత్రం కుదర్లేదు."

"ఆయ్, అదీ మాట! మనమూ రెండు కూల్చేద్దామా ప్రెసిడెంటుగారూ?"

లోవలక్ష్మి ఆయన వైపు చూడలేదు. చుక్కల వైపే చూస్తోంది.

"తమ్ముడూ, కూలిస్తే సరవుతున్నాయి. మరి కడితే?"

"కట్టినా అవుతాయక్కా. బేసి చుక్కలు రెండేసి చొప్పున కలిపితే చాలు. గుడిలంకకీ పైపేటకీ మధ్య ఇంకోటి, జాలరిపేటకీ సంతపేటకీ మధ్య ఇంకోటి. అప్పుడు గుడిలంకకి ఆరు, మిగతా మూడింటికీ నాలుగేసి. అన్నీ సరి."

"ఇంకో రెండు వంతెనలు శాంక్షనవ్వాలంటే ఇంకో తుఫాను రావాలి," అన్నారు రాజుగారు.

"వంతెనే కానక్కర్లేదండి. గీత చాలు. అంటే దారి."

"దారే కావాలంటే," అంది లోవలక్ష్మి నెమ్మదిగా, "మా తాతల కాలం నుంచీ మేం ఏ దారిన వస్తున్నాం? పడవ దారి దారి కాదేంటి?"

భాస్కర్ చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. వంగి, పడవలకని చుక్కచుక్కలుగా రెండు గీతలు గీసేశాడు. పెదాలు కదుపుతూ వేలితో మొత్తం తిరిగాడు. వేలు గుడి దగ్గరే ఆగింది.

"వచ్చేసిందక్కా! వచ్చేసింది!"

"ఆగండాగండి," అన్నారు రాజుగారు. "అమ్మవారిని పడవెక్కించడమేంటి? ఆచారముందా?"

పూజారిగారు అంతసేపూ తాంబూలం నములుతున్నారు. ఇప్పుడు ఉమ్మి వచ్చి చెప్పారు. "ఆచారం వంతెనల గురించే గానీ పడవ గురించి ఏమీ లేదు. గంగమ్మ మన అమ్మవారికి అక్కే. అక్క ఒళ్ళో చెల్లెలు కాసేపు కూర్చుంటే తప్పేంటి?"

రాజుగారు ఇంకా ఏదో అనబోయారు. లోవలక్ష్మి అడ్డుపడింది. "రాజుగారూ, పైపేట పడవ మీ రేవు నుంచే బయల్దేరాలండి. అమ్మవారు మీ మెట్లు దిగి పడవెక్కుతారు. పూలూ లైట్లూ మీ ఇష్టం."

రాజుగారు చుక్కల బొమ్మని మొదటిసారి శ్రద్ధగా చూశారు. "ఆ గీత కొంచెం లావుగా గియ్యవయ్యా," అన్నారు భాస్కర్‌తో.

దారి ఇలా ఖాయమైంది. గుడి నుంచి పైపేట, అక్కణ్ణించి తిన్నగా కొత్త వంతెన మీద జాలరిపేట, ఆ తరవాత మిగిలినవన్నీ. ఆ దారి నేను మైకులో చెప్పీ చెప్పీ, ఊళ్ళో కాకులకి కూడా కంఠతా వచ్చేసింది. వినాల్సిన ఒక్క మనిషీ వినలేదు. ముసలయ్య ఆ వారమంతా పెద్దాపురంలో పెళ్ళిమేళానికి వెళ్ళాడు.

జాతరనాడు పొద్దు కొంచెం వాలగానే పల్లకీ లేచింది. ముందు ముసలయ్య, క్లారినెట్టు, మూసిన కళ్ళు. వెనక డప్పులు, వాటి వెనక అమ్మవారు, ఆ వెనక మైకు రిక్షాలో నేను. మొదటి వంతెన దాటి పైపేట వచ్చాం. బిందెలతో పసుపునీళ్ళు పోశారు, హారతులిచ్చారు. అక్కడ కుడికి తిరగాలి, జాలరిపేట వంతెన వైపు. ముసలయ్య కాళ్ళు వాటి అలవాటు ప్రకారం ఎడమకి తిరిగాయి.

"ముసలయ్యా! కుడి! కుడి!" అని మైకులో అరిచాను. డప్పుల హోరులో నా మైకు మూగదైపోయింది. పల్లకీ పాత రెండో వంతెనెక్కేసింది. గుడిలంక. ఆగుతారేమో అనుకుంటే అదే ఊపులో సంతపేట వంతెన. అక్కణ్ణించి ఇంకో వంతెన మీద మళ్ళీ గుడి. మూడు కొత్త వంతెనలూ ఎండలో రంగులు మెరుస్తూ అలాగే ఉన్నాయి. పాత నాలుగూ అయిపోయాయి.

గుడి ముందు ముసలయ్య కళ్ళు తెరిచి, చెమట తుడుచుకుని, తృప్తిగా "జై ముత్యాలమ్మ!" అన్నాడు.

"తల్లి సంకల్పం!" అన్నారు రాజుగారు చేతులు జోడించి. "మనం వేసిన దారి ఆవిడకి నచ్చలేదు. పాత దారే పట్టింది. మంగళం పాడించెయ్యండి."

జాలరిపేట వంతెన మొదట్లో లోవలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో హారతి పళ్ళెం. కర్పూరం ఇంకా వెలిగించలేదు. అగ్గిపెట్టె మళ్ళీ కొంగున ముడేసుకుంది.

"భాస్కరూ!" అన్నాను. "కొంప మునిగింది కదయ్యా! తప్పు వంతెన ఎక్కేశాం!"

భాస్కర్ అప్పటికే నేల మీద చతికిలబడి చుక్కలు పెడుతున్నాడు. దాటిన గీతలన్నీ కొట్టేశాడు. మిగిలినవి లెక్కపెట్టాడు. ముఖం వెలిగిపోయింది.

"మునగలేదండీ! అన్నీ సరి ఉన్నచోట, చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చేస్తే, ప్రతి చుక్క దగ్గరా సరిసంఖ్యే ఖర్చయింది. మిగిలిందీ సరిసంఖ్యే! హీర్‌హోల్జర్ అని ఒక కుర్రాయన, ఆయిలర్ పోయాక చాన్నాళ్ళకి ఇదే చూపించాడు. పాపం అచ్చు కాకముందే పోతే స్నేహితులు గుర్తుచేసుకుని రాసి వేయించారు. ముందొక చుట్టు తిరగండి, మిగిలినదాంట్లో ఇంకో చుట్టు ఉంటుంది, రెండూ కలిసేచోట ముడెయ్యండి, ఒకటే దారవుతుంది. మన ముడి గుడి దగ్గరే ఉంది!"

"తెలుగులో చెప్పవయ్యా!"

"ఇక్కణ్ణించి జాలరిపేట. అక్కణ్ణించి వంతెన మీద సంతపేట. పడవ మీద మళ్ళీ జాలరిపేట. వంతెన మీద పైపేట. రాజుగారి రేవు నుంచి పడవ మీద గుడి. అంతే!"

"మంగళం..." అన్నారు రాజుగారు.

"మూడు వంతెనలు మిగిలుండగా మంగళమేంటండీ?" పూజారిగారు కయ్యిమన్నారు. "కూలితే ఎవరిది పూచీ? మీ ధాన్యం ట్రాక్టరు వాటి మీంచేగా పోయేది!"

రాజుగారికి ఆచారం మీద నమ్మకం ఎంతో నాకు తెలీదు. ట్రాక్టరు మీద మాత్రం ఉంది. పైగా రేవులో ఆయన కట్టించిన లైట్లు వెలగాలిగా. "ఊఁ, పదండి," అన్నారు.

ఈసారి ముసలయ్య భుజాలు పట్టుకుని నేనే తిప్పాను. "కళ్ళు తెరుచుకుని వాయించవయ్యా. ఈ దారి నీ కాళ్ళకి తెలీదు."

కొత్త వంతెన మీద అమ్మవారు. లోవలక్ష్మి కర్పూరం వెలిగించి, వెనక్కి నడుస్తూ, దారి చూపిస్తూ తీసుకెళ్ళింది. గాలికి కొంగు అడ్డం పెట్టి మంట ఆరనివ్వలేదు. పేట పేటంతా రోడ్డు మీదే ఉంది. ఉన్న పసుపంతా కలిపేశారు, ఉన్న కొబ్బరికాయలన్నీ కొట్టేశారు. గట్టున రేవు పక్కనే వేసిన రత్తమ్మ మంచం ముందు పల్లకీ ఆపించారు. జనం తోపులాటలో, డప్పుల మోతలో, ఆ ముసలావిడ చేతులు జోడించి బిత్తరపోయి చూస్తూ ఉండిపోయింది. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. పల్లకీ కదిలిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి.

"ఒసేయ్ లోవా! అడగాల్సింది అడగలేదే! పిలవ్వే!"

"ఎలా పిల్చేదత్తా, ఎల్లిపోయింది," అంది లోవలక్ష్మి నీరసంగా. అమ్మ వచ్చింది. అత్తగారు మాత్రం ఇప్పుడు ఏడుస్తోంది.

పల్లకీ వంతెన దాటాక, నేను సంతపేట గట్టు నుంచి మైకు అందుకున్నాను. "జాలరిపేటవారికి మనవి. అమ్మవారు మళ్ళీ మీ పేటకే వస్తున్నారు. రెడీగా ఉండండహో!" ఒక్కరూ నమ్మలేదు. "ఈ మైకు చంద్రరావుగారి వెటకారాలు," అని బిందెలు బోర్లించుకుంటున్నారు.

భాస్కర్ మైకు లాక్కున్నాడు. "అక్కా! నాలుగు దార్లున్న పేటకి రెండుసార్లు రావాల్సిందేనక్కా! పడవెక్కేశారు!"

లోవలక్ష్మి కొంగు దోపుకుని పరిగెత్తింది. పసుపు లేదు, కాయ లేదు, కర్పూరం లేదు. ఎవరో ఇంట్లోంచి దీపం బుడ్డి తెచ్చారు. బిందెలు గోదాట్లో ముంచి, ఆ నీళ్ళే పట్టుకుని నిలబడ్డారు. ఆ తరవాత అమ్మవారు పైపేట వెళ్ళారు, రాజుగారి లైట్ల మధ్య పడవెక్కి గుడికి చేరారు, వంతెన ఒక్కటీ మిగల్లేదు. అవన్నీ తరవాత సంగతి. అప్పుడు మాత్రం పడవ నెమ్మదిగా రేవుకి తగిలింది. పడవలో డప్పు వాయించే చోటు లేక అంతా నిశ్శబ్దంగా ఉంది. నలుగురు కుర్రాళ్ళు పల్లకీ దించి, మంచం పక్కనే ఆనించారు.

రత్తమ్మ ఈసారి బిత్తరపోలేదు. మోచేతుల మీద కాస్త పైకి లేచి, పక్క దుప్పటి సర్దింది.

"వచ్చావా? ఇందాక ఆ గోలలో నేనేం మాట్లాడలేదని తిరిగొచ్చావు కదూ. కూర్చో. ఏమర్రా, మీరంతా కాస్త అవతలికెళ్ళండి."